కమ్లి గంప, జంపక్క చెయ్యి

మా నాయనమ్మ కమ్లి తలుచుకుంటే మొక్కల ట్రాక్టర్‌ను ట్రాలీతో సహా నెత్తిన పెట్టుకుని, మధ్యలో ఎక్కడా చాయ్ కోసం ఆగకుండా దమ్మపేట నుంచి ఏన్కూరు దాకా నడిచిపోగలదు. డ్రైవర్ దిగాల్సిన పని కూడా లేదు. అలాంటి మనిషిని పట్టుకుని పనికిరాదని మొన్న ఒక సారు తేల్చేశాడు. నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

నాయనమ్మ పామాయిల్ నర్సరీలో పని చేసేది. నల్ల కవర్లలో పెరిగిన మొక్కలను గంపలో పేర్చి, నెత్తిన మోసి ట్రాక్టర్‌కు చేర్చాలి. మట్టి నిండిన కవరు బండరాయిలా ఉంటుంది. అందుకే అక్కడ ఏ ఆడమనిషీ గంపను ఒంటరిగా ఎత్తదు. ఒకరు వంగి అంచు పట్టుకుంటే, ఎదురుగా ఇంకొకరు పట్టుకుని నెత్తి మీదికి ఎత్తిస్తారు. నాయనమ్మకు ఎత్తించేది పక్క కోయగూడెం జంపక్క. నేను పుట్టకముందు నుంచీ ఆ ఇద్దరూ జోడీ. పొద్దంతా తిట్టుకుంటారు, ఒకే సద్దిగిన్నెలో తింటారు. ఈమధ్య జంపక్క కుడి భుజం లేవడం లేదు. ఎదుటి మనిషికైతే ఎడమ చేత్తో, మోకాలితో ఊతమిచ్చి ఎత్తిస్తుంది. తను మాత్రం చెంబెడు నీళ్లు కూడా తల పైకి ఎత్తుకోలేదు.

ఈ ఏడు నర్సరీ కొత్త కాంట్రాక్టర్ చేతికి వచ్చింది. పాతవాళ్లయినా సరే, ఫిట్‌నెస్ టెస్ట్ పాసైతేనే పని అన్నారు. ఇసుక నింపిన గంపను ఎవరికి వారే నెత్తికెత్తుకుని గేటు దాకా పోయి రావాలి. నాయనమ్మను స్కూటీ మీద దించి, తమాషా చూద్దామని నేను గోడ దగ్గర నిలబడ్డాను.

ఆమె వంతు వచ్చింది. తల మీద గుడ్డచుట్ట పెట్టుకుని వంగింది. వంగగానే, వరుసలో ఉన్న జంపక్క అలవాటు కొద్దీ వచ్చి అవతలి అంచు పట్టుకుంది. గంప నెత్తికెక్కింది. తప్పు చేశామన్న ఆలోచన ఇద్దరికీ లేదు.

"ఆగండి. ఆమె ఎందుకు పట్టుకుంది?" అన్నాడు టెస్ట్ పెట్టే సారు.

"వంగింది గద సారూ," అంది జంపక్క.

"ఇది మోసం. ఇద్దరూ ఫెయిల్."

నాయనమ్మ గంపతోనే ఆయన వైపు తిరిగింది. "ఏంది మోసం? మోసేది నేను. గేటు దాకా నడువమంటే నడుస్త, చూడు."

"ఒంటరిగా ఎత్తాలమ్మా. కంపెనీ రూల్."

"పనిల ఒంటరిగ ఎత్తుతమా? ఈడ ఎవరన్న గట్ల ఎత్తుతరా, అడుగు."

"పనిలో మీరేం చేస్తారో నాకనవసరం. నా టెస్ట్ ఇది."

మా తండావాడే, కూలీల మేస్త్రీ బాబూరావు, నడుమ దూరి సారు చెవిలో ఏదో చెప్పాడు. సారు దయ తలిచినట్టు ముఖం పెట్టాడు. "సరే, నీకు ఇంకో చాన్స్ ఇస్తా. దించి, ఒక్కదానివే ఎత్తు. ఆమె మాత్రం ఔట్. ఆమెకు భుజం పనిచేయదట."

బాబూరావు నేల చూశాడు. "ఎత్తు పెద్దమ్మా, జల్దీ," అని గొణిగాడు.

నాయనమ్మ ఎత్తగలదు. అది నాకూ తెలుసు, జంపక్కకూ తెలుసు.

"ఎత్తవే కమ్లీ," జంపక్క కసిరింది. "నన్ను చూసుకుంట నిలబడితే ఆ సారు పెడ్తడా నీకు తిండి?"

నాయనమ్మ నెత్తి మీది గంపను అట్లాగే ముందుకు వంచింది. ఇసుకంతా సారు బూట్ల మీద కుప్పగా పడింది.

"మళ్ల నింపుకో. నువ్వే ఎత్తుకో," అంది. గుడ్డచుట్ట విప్పి దులిపి, భుజాన వేసుకుని గేటు దాటింది.

ఆమెను స్కూటీ ఎక్కించుకుని బయల్దేరాను కానీ, నా కోపం తగ్గలేదు. సారు మీద సగం, ఆమె మీద సగం. నర్సరీ పోతే ఇక ఆమెకు మిగిలేది ఏ చేనులో ఎప్పుడు పిలుస్తారో తెలియని మిరప ఏరే కూలి.

"ఒక్కసారి ఎత్తి చూపెడితే నీ పని నీకుండు గదనే ముసల్దానా," అన్నాను. "జంపక్కకు ఎట్లయిన భుజం పాయె. నువ్వు గూడ పోవుడెందుకు?"

"ఆ భుజం ఎవరి గంపలెత్తి పోయింది? నావే గద. నోరు మూసుకొని బండి తోలు."