సార్ సగంలో ఆపిన వాక్యం

మా సార్ పోయారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఇంటి ముందు మంచు తీస్తూ, చేతిలో పార ఉండగానే కూలిపోయారు. డాక్టరు గుండె అన్నారు. కొందరు వేరే ఏవేవో గుసగుసలాడారు. నేను డాక్టరు మాటే నమ్ముతున్నాను. అయినా ఇది ఇప్పుడే రాయక తప్పదు. సార్ తన ఆఖరి ఉపన్యాసంలో ఒక వాక్యాన్ని సగంలో ఆపేశారు. ఆయన్ని ఖననం చేసి వారం తిరక్కుండానే ఇద్దరు దాన్ని తమకు కావలసినట్టు పూర్తి చేసేశారు. అందులో ఒకటి మన తెలుగు సంఘం వేసే ఈ పత్రిక ఉగాది సంచికలో రాబోతోందని తెలిసింది. అంతకంటే ముందు, ఆ రోజు నేను చూసింది మీకు చెప్పాలి. మీలో ఒకరిని ఒక మాట అడగాలి.

ఇల్లినాయ్‌లో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక యూనివర్సిటీలో సార్ రాజకీయ శాస్త్రం చెప్పేవారు. ఆయన విషయం పాకిస్తాన్. తెల్లవాళ్లు వెళ్లిపోయాక ఆ దేశం ఎందుకు కుదురుకోలేదు, ఎందుకు రెండుగా విరిగింది, మిగిలిన ముక్క అయినా ఎందుకు సైన్యం చేతుల్లోకి పోతూ ఉంటుంది అన్నది. ఆయన పుట్టింది మాత్రం హైదరాబాదు పాతబస్తీలో. పోలీసు చర్య తరువాత పడుచు వయసులో కరాచీ వెళ్లారు. అక్కడ సర్కారు ఉద్యోగంలో చేరి కొన్నేళ్లు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో పని చేశారు. ఆ పైన అన్నీ వదిలేసి ఇక్కడికి వచ్చారు.

ఇదంతా నాకు తరువాత తెలిసింది. మొదటి రోజు తెలిసింది ఒక్కటే. క్లాసు అయ్యాక వరండాలో నన్ను ఆపి, పాకిస్తాన్ ప్రొఫెసర్ తెలుగులో అడిగారు.

“ఏ ఊరు బిడ్డా మీది?”

“సిరిసిల్ల, సార్.”

“మగ్గాలా?”

 మాది నేత ఇల్లే. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. కానీ ఆ సంగతి ఈయనకెందుకు? ఆ శనివారం మన తెలుగు సంఘం కార్యదర్శి గారింట్లో భోజనం చేస్తూ చెప్పాను. ఆయన్ని నేను అన్నయ్యా అంటాను. దిక్కు లేని ఊళ్లో నాకు అన్నం పెట్టిన ఇల్లు అది, ఇప్పటికీ ఆ మాట మరవను. అన్నయ్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

“పాకిస్తాన్ వాడికి తెలుగెందుకొచ్చిందో ఆలోచించావా? జాగ్రత్తమ్మా. మీ నాన్న పేరూ అడ్రసూ మాత్రం చెప్పకు.”

“మా నాయన పేరు తెలిస్తే ఏం చేస్తాడన్నయ్యా, చీర నేయించుకుంటాడా?”

వదిన నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. నిజానికి నాకూ లోపల నవ్వు లేదు. ఆ సెమిస్టరంతా సార్‌ని ఓ కంట కనిపెట్టే ఉన్నాను.

కనిపెట్టిన కొద్దీ అనుమానం పెరిగేదే గాని తగ్గేది కాదు. ఆఫీసులో ఆయన కుర్చీ ఎప్పుడూ తలుపుకు ఎదురుగా ఉండేది. ఫోనులో ఎవరి పేరూ పలికేవారు కాదు. బయట అడుగుల చప్పుడు వినబడితే చెబుతున్న మాట మధ్యలోనే వదిలేసి, “రేపు కూడా మంచు పడేటట్టుంది” అనేవారు. ఈయన ఎవరి మనిషి? ఎవరికి భయపడుతున్నాడు? పాకిస్తాన్ సైనిక పాలన గురించి నోరు విప్పినవాళ్ల పేర్లు ఇక్కడి నుంచే ఎవరో చేరవేస్తారని, అక్కడ ఉన్న బంధువులు ఇబ్బందుల్లో పడతారని ఆయన అనుమానమట. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆఫీసులో చిన్న హాట్‌ప్లేట్ పెట్టుకుని, డబ్బా పాలతో చిక్కటి టీ కాచేవారు. నా కప్పు నా ముందు పెట్టి, తన కప్పులోంచి ముందు ఒక గుక్క తాగేవారు.

“చూసినవా, విషం లేదు. ఇగ తాగు.”

ప్రతిసారీ అదే మాట. ముఖంలో నవ్వు ఉండేది కాదు. అది హాస్యమని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

సార్ క్లాసులో ఒక నియమం ఉండేది. ఎవరి మాట నీకు గిట్టదో, వాళ్ల పక్షాన్ని ముందు నువ్వే చెప్పాలి. చెప్పి, వాళ్ల వైపు తిరిగి, “సరిగ్గా చెప్పానా?” అని అడగాలి. వాళ్లు తల ఊపితేనే నీ జవాబు. ఊపకపోతే మళ్లీ మొదలు.

మా క్లాసులో లాహోర్ నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు, సైనికాధికారి కొడుకు. ఢాకా నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. ఆమె పక్షం చెప్పమని సార్ అతనికే అప్పగించారు. అతను తూర్పువాళ్లు భాష కోసం అలిగారన్నాడు. ఆమె తల ఊపలేదు. జనపనార అమ్మిన డబ్బు పడమటికి పోతోందని కోపగించారన్నాడు. ఊపలేదు. మరో క్లాసులో, దేశంలో ఎక్కువ మంది తామే అయినా, ఓట్లలో గెలిచినా అధికారం చేతికి రానివ్వలేదన్నాడు. ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. అతనికి విసుగొచ్చింది. ఇంకేం కావాలి నీకు అన్నాడు. సార్ కల్పించుకోలేదు. చివరికి ఒక రోజు అతను మెల్లగా, కింద చూస్తూ అన్నాడు:

“మేము మీ ఇంటికి వచ్చినప్పుడల్లా మీరు మమ్మల్ని అతిథులనుకున్నారు. మేము తనిఖీకి వచ్చాం.”

ఆమె తల ఊపింది. సార్ అతన్ని, ఇప్పుడు నీ జవాబు చెప్పు అన్నారు. అతను నీళ్లు తాగి వచ్చి, ఈ రోజుకు ఏమీ లేదన్నాడు.

ఆ సాయంత్రం టీ దగ్గర సార్ ఢాకా రోజుల గురించి మొదటిసారి చెప్పారు. కుర్రాఫీసరుగా అక్కడ ఉన్నన్నాళ్లూ బెంగాలీ నేర్చుకోలేదట. ఆఫీసు పక్కన ఒక టీ కొట్టు ఉండేదట, లోపల ఎప్పుడూ ఒకటే గోల. “నేను పోతే చాలు, అందరి నోర్లు బందయ్యేటివి. ఆ నిశ్శబ్దాన్ని చూసి పైకి ఏమని రిపోర్టు రాసిన్నో తెలుసా బిడ్డా? శాంతిభద్రతలు బాగున్నయి అని.”

ఆ దేశం సంగతి ఎత్తితే మనవాళ్లు మతపిచ్చి అంటారు, వాళ్లవాళ్లు విదేశీ కుట్ర అంటారు. సార్ ఈ రెండింటినీ అనుమానంగానే చూసేవారు. మాట ఒక్క ముక్కలో తేలిపోతే, ఎవరికి సుఖంగా ఉంటుందని అలా తేల్చారో చూడు అనేవారు. ఆయన లెక్క వేరు. తెల్లవాళ్లు వదిలిపోయిన సర్కారు ఆఫీసు జనం మాట వినడానికి కట్టింది కాదు, జనం మీద కన్నేసి ఉంచడానికి కట్టింది. కొత్త దేశం బోర్డు మార్చింది, అలవాటు మార్చలేదు. దేశం కావాలని గట్టిగా అడిగిన నాయకుల్లో చాలామంది సొంత ఊళ్లు సరిహద్దుకు ఇవతలే, ఇండియాలోనే ఉండిపోయాయి. ఓటడగడానికి వాళ్లకు అక్కడ ఊరు లేదు, అందుకే ఎన్నికలంటే వెనకాడారు. సైన్యమూ ఆఫీసర్లూ మాత్రం తయారుగా ఉన్నారు. తూర్పు వాళ్లు, సింధు వాళ్లు, బలూచీలు, ఎవరు వాటా అడిగినా దేశద్రోహమే అయింది. పగుళ్లు కనబడినప్పుడల్లా మతాన్ని తెచ్చి పూశారు. “సున్నం కొడితే గోడ తెల్లగైతది బిడ్డా, గట్టిగ కాదు.”

ఇది వింటున్నప్పుడు నా ముఖంలో ఏదో గర్వం కనబడి ఉంటుంది.

“మీ నాయన పట్వారీని చూస్తే ఏం చేసేటోడు?” అని అడిగారు.

పక్క సందులోకి తప్పుకునేవాడని చెప్పాను. పట్వారీ అంటే మా వైపు ఊరి భూముల లెక్కలు రాసే మనిషి. రాయడం రాని వాళ్లకు ఆయన ఏం రాస్తాడో అన్న భయం ఎప్పుడూ ఉండేది.

“ఢాకావోళ్లకు నేను పట్వారీని. ఆ దేశమంత గంతే, ఒకరికొకరు పట్వారీలు. సరే, మరి మొన్న ఎమర్జెన్సీల మీ ఊళ్లె ఎవరన్న నోరు తెరిచిన్రా?”

నేను టీ తాగాను.

“నేను చెప్పింది విని మీవోళ్లు చప్పట్లు కొడితే, నేను తప్పు చెప్పినట్టు. యాదుంచుకో.”

ఒకసారి ఆయనే అడిగారు, నా మీద నీకు అనుమానం ఉంది కదా, నా పక్షం చెప్పు అని. హైదరాబాదులో ఆ రోజుల్లో ప్రాణభయంతో ఇల్లు వదిలి వెళ్లారని చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నాను. ఆయన తల ఊపలేదు. “భయమే గాదు. కోపంతోని గూడ పోయిన. అది గూడ కలుపు.” కలిపాను. అప్పుడు ఊపారు. తనకు గౌరవం తెచ్చే మాటకు కాక, తేని మాటకు తల ఊపిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

ఇక ఆ ఉపన్యాసం. లైబ్రరీ కింద గదిలో, మధ్యాహ్నం పూట. బయట మంచు. వచ్చినవాళ్లు కొద్దిమందే. చివర్లో ఢాకా అమ్మాయి లేచి, మిగిలిన దేశమైనా కలిసి ఉండాలంటే ఏం కావాలి అని అడిగింది. సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. చాలా ఇష్టమైన మాట చెప్పబోయే ముందు అలా చేసేవారు.

“ఒక్కటే కావాలి. ఎవరో ఒకరు ముందుగా...”

తలుపు తెరుచుకుంది. గోధుమరంగు కోటు వేసుకున్న ఒకాయన లోపలికి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. కోటు విప్పలేదు. జేబులోంచి చిన్న టేప్ రికార్డరు తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. సార్ ఆయన్ని చూశారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. టైమ్ అయిపోయింది, రేపు కూడా మంచు పడేటట్టుంది అన్నారు. అందరూ నవ్వుతూ లేచారు. నేను నవ్వలేదు. టీ కొట్టులో ఒకప్పుడు తాను తెచ్చిన నిశ్శబ్దం తన మీదికే తిరిగి వచ్చిందా అనిపించింది.

బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర ఆ కోటాయన పక్కకు జరిగి, “చూసి దిగమ్మా, మెట్ల మీద మంచుంది” అన్నారు. తెలుగులో! నాకు మొదటి రోజు వరండా గుర్తొచ్చింది.

నేను మెట్లు దిగకుండా వెనక్కి తిరిగి లైబ్రరీ పై అంతస్తుకు వెళ్లాను, అక్కడి కిటికీలోంచి పార్కింగ్ లాట్ కనబడుతుంది. సార్ పాత కారు స్టార్ట్ కావడం లేదు. కోటాయన తన కారు ఎదురుగా తెచ్చి ఆపుకుని, లోపలే కూర్చుని ఉన్నారు. సార్ దిగి, ఆయన దగ్గరికి నడిచి వెళ్లారు. తాను అనుమానించిన మనిషి దగ్గరికి సార్ తానే ముందు వెళ్లడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇద్దరూ బానెట్లు ఎత్తి, ఆ బ్యాటరీ నుంచి ఈ బ్యాటరీకి కేబుళ్లు తగిలించారు. సార్ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టారు.

మర్నాడు అడిగాను, ఆయన ఎవరని. “నువ్వే చెప్పు, ఎవరనుకుంటున్నవు?” అన్నారు. వాక్యం పూర్తి చేయమంటే, వచ్చే క్లాసులో అన్నారు. ఆ క్లాసు జరగలేదు.

సంతాప సభ నాడు లాహోర్ అతని మిత్రులు, “ఎవరో ఒకరు ముందుగా గట్టిగా పట్టుకోవాలి” అన్నదే సార్ మాట అన్నారు. గట్టిగా అంటే సైన్యమే కదా. మన కార్యదర్శి అన్నయ్య, “ఎవరో ఒకరు ముందుగా ఆ దేశం పుట్టడమే తప్పని ఒప్పుకోవాలి” అని రాసి పత్రికకు ఇచ్చారు. అన్నయ్యా, మీ ఇంటి అన్నం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. అది ఆయన మాటా, మీ మాటా? ఆయన మాటే అయితే, వింటున్నప్పుడు మనకు అంత సుఖంగా ఎందుకుంది?

గోధుమరంగు కోటు వేసుకున్న పెద్దమనిషీ, ఈ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగువాళ్లం ఎంతమందిమి? ఈ జిరాక్సు పత్రిక మీ ఇంటికీ వస్తూ ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. మీ మీద నాకు అనుమానం పోలేదు. అందుకే మీ పక్షం ముందు నేనే చెబుతాను. హైదరాబాదాయన ఎవరో మాట్లాడుతున్నారని విని షికాగో పక్కనున్న అరోరా నుంచో, ఇంకా దూరం నుంచో మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. దారి బాగోలేక ఆలస్యమైంది. చలికే కోటు విప్పలేదు. మీ ఊరి యాస ఆయన నోట దొరుకుతుందేమోనని టేపు తెచ్చుకున్నారు. మిమ్మల్ని చూసి ఆయన మాట ఆపేయడం మీకు తెలిసిపోయింది, మనసు కష్టపడింది. అయినా ఆయన కారు ఆగిపోతే వదిలి వెళ్లలేకపోయారు. లేదూ, మీరు నిజంగానే ఎవరికో కబురు చేరవేసే మనిషి అయితే, అదీ కలుపుకోండి. అప్పుడు కూడా ఆ వాక్యం ఆయన చెప్పింది మీకే.

ఉగాది సంచిక కాపీలకు వెళ్లేలోపు, మార్చి పదిహేను లోగా, పత్రిక అడ్రసుకు ఒక ముక్క రాయండి. మీ పేరు అక్కర్లేదు. మీ టేపు అక్కర్లేదు. కారు దగ్గర ఆయన ఏమన్నారో అది చాలు.

ఆ రోజు సార్ కారు స్టార్ట్ అయి వెళ్లిపోయాక, మీరు ఖాళీ లాట్‌లో, ఆ పొగలో కేబుళ్లు చేత పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎదురుగా ఎవరూ లేరు. అయినా మీరు మెల్లగా తల ఊపారు. నేను పైనుంచి చూశాను.

సరిగ్గా చెప్పానా?