అమ్మ నొక్కిన బటన్

ఈ ఉదయం ఓటేసేటప్పుడు యంత్రం కుయ్‌మని పొడుగ్గా కూత పెట్టింది. ఆ చప్పుడుకి నా ఆరేళ్ల వయసు గుర్తొచ్చింది.

చంద్రగిరి దగ్గర మా ఊళ్లో, మా వీధికి అప్పుడే కొళాయి పెట్టారు. నీళ్లు మాత్రం వదల్లేదు. "ఈసారి ఓటేస్తే నీళ్లొస్తాయంట," అన్నాడు నాయన. పోలింగు రోజున అమ్మ కొంగు పట్టుకుని నేనూ బడిలోకి వెళ్లాను. అమ్మ బటన్ నొక్కింది. కూత వినబడింది.

ఊరవతల పెదనాయన చేలో మోటారుకీ అలాంటి బటనే ఉండేది. నొక్కితే చాలు, పైపులోంచి నీళ్లు దూకేవి. అందుకే అమ్మ కొంగు వదిలేసి ఇంటికి పరుగెత్తాను. ఇత్తడి బిందె ఈడ్చుకొచ్చి కొళాయి కింద పెట్టి, పక్కనే కూర్చున్నాను. ఎండకి బిందె ముట్టుకుంటే కాలేది. కొళాయిలోంచి చుక్క కూడా రాలలేదు.

అమ్మ వచ్చి చూసింది. నవ్వలేదు.

"నువ్వు గట్టిగా నొక్కలేదా అమ్మా?"

"గట్టిగానే నొక్కినాను పాపా. బిందె ఆడే ఉండనీ."

పొద్దుగూకేదాకా ఉంచాం.

ఇవాళ నేనూ గట్టిగానే నొక్కాను. తిరిగొచ్చేసరికి అమ్మ ఆ ఎండిన కొళాయి పక్కనే ప్లాస్టిక్ బిందెలు వరుసగా పెట్టుకుని నిలబడి ఉంది. ఓటేసొచ్చావా అని కూడా అడగలేదు.

"బిందె పట్టుకో పాపా, ట్యాంకరు వస్తాండాది," అంది.