లోపలి గడియ

డెబ్బైల చివర్లో, వరంగల్ నుంచి ఏటూరునాగారం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో కొత్త ఇనుప గడియ ఉంది.

"తలుపుకా, బాపూ?" అని అడిగాను.

"దొంగల భయానికి బయట పెద్ద తాళం పెట్టించిన బిడ్డా, లోపల గడియ పెట్టియ్యలే. నేను లేని పొద్దు నా బిడ్డ ఒక్కతే ఉండె. ఎవలో తలుపు నూకి లోపలికొచ్చిండ్రు. ఊరోళ్లు ఠాణాకు మనిషిని పంపితే పోలీసోళ్లు మాపటికి వచ్చిండ్రు. అప్పటికే పిల్ల పానం పోయింది. పోలీసోళ్లనేమంట? గడియ నేను పెట్టియ్యాలె గద."

నేను రూములో ఒక్కదాన్నే ఉంటానని తెలుసుకుని, దిగేటప్పుడు గడియ నా చేతిలో పెట్టాడు.

"మరి మీకు?"

"మా ఇంట్ల ఇగ లోపల ఎవలున్నరు?"

ఇల్లు మారినప్పుడల్లా దాన్ని విప్పి వెంట తీసుకెళ్తాను. ఆ పిల్ల పేరు అడగనేలేదు.