మా బొమ్మలో ఇడ్లీ ప్లేటు

ఈ సాయంత్రం జరిగింది ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

గాజువాకలోని మా షెడ్డులో అప్పన్న, నేను కలిసి పెద్ద చెక్క పలకల మీద బొమ్మలు చేసేవాళ్లం. నేను రంగులు వేసేదాన్ని. అతను ఆటోనగర్‌లో ఏరుకొచ్చిన పాత ఇనుమూ రేకులూ వాటి మీద బిగించేవాడు. ఎవరి భాగం ఏదని మేమెప్పుడూ గీత గీసుకోలేదు. పోయిన నెల గుండెపోటుతో అప్పన్న వెళ్లిపోయాడు. హార్బరులో తెల్లవారే బొమ్మ సగంలో ఆగిపోయింది.

ఈ రోజు అతని భార్య సత్యవతి దాన్ని చూడటానికి వచ్చింది. దగ్గరకు వెళ్లి, అప్పన్న బిగిస్తే నేను బంగారు రంగు పూసిన సూర్యుణ్ణి వేలితో తడిమింది.

“ఇదేటమ్మా, నా ఇడ్లీ ప్లేటు! ఎవులో పట్టుకుపోనారని వీధంతా తిట్టీసినాను. తలుపెయ్యనేదని ఈయన్నీ తిట్టినాను.”

అది తుక్కులో దొరికిందనే అప్పన్న నాకు చెప్పాడు.

“విప్పి ఇచ్చేయనా వదినా?” అన్నాను.

“వద్దమ్మా, ఉండనీ. ఇంటికి తీసికెల్తే ఎవుల కోసం ఎయ్యాల ఇడ్లీలు?”

నవ్వుతూనే అంది. ఆ నవ్వు పూర్తికాకుండానే పలకకు తల ఆనించి ఏడ్చింది. ఓదార్చాల్సిన నేను ఆమె కంటే గట్టిగా ఏడ్చాను.

ఏదో వస్తువు కనిపించడం లేదని మీరూ ఇంట్లో ఎవరినైనా తిడుతున్నారా? కాస్త మెల్లగా తిట్టండి. ఏం పోయిందో కింద చెప్పండి. నాకు ఇంకే పనీ చేయబుద్ధి కావడం లేదు, చదువుతూ కూర్చుంటాను.