ప్రాక్టికల్స్‌లో చేప

నేను పోర్ట్‌బ్లెయిర్‌లో పన్నెండో తరగతి చదివే రోజులవి. కాలేజీ సీటుకి పనికొస్తుందన్న బయాలజీ అదనపు పరీక్ష రాయాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. చేపల వేటకెళ్లే మా నాన్న తేల్చేశాడు. "సేప కొయ్యడమే కదేటమ్మా? మనకన్నా బాగా ఎవులు కోత్తారు? రాసేయ్!"

ప్రాక్టికల్స్‌లో తాజా చేప చేతికి రాగానే, ఇంట్లో అలవాటు కొద్దీ పొలుసు గీకి, విప్పి చూపించాల్సిన పేగులన్నీ పీకి బకెట్లో పారేశాను. అందరూ గొల్లున నవ్వారు. పరీక్ష పెట్టడానికొచ్చిన సారు, "వాహ్ బేటీ! మిగిలిన చేపలు కూడా సాఫ్ చేసెయ్, ఇంటికి పట్టుకెళ్తాను" అన్నాడు. అన్నీ చేసిపెట్టాను.

మార్కులు బాగానే వేశాడు. చేపల కంపు నాకెప్పుడూ రోత పుట్టించలేదు. ఆ మార్కుల కాగితం చూస్తే మాత్రం ఇప్పటికీ పుడుతుంది.