మా అత్త నాలుక, ఆముదపు పొట్టు బొగ్గు

కేతేపల్లి దగ్గర మా అత్తగారి ఊళ్ళో రెండు బావులుంటే, మా అత్తకు మాత్రం ఒకటే బావి. అది మైలు దూరంలో, గుట్ట కింద ఉండేది. మా వీధి చివర దర్జీ వాళ్ళ పెరట్లో ఇంకొకటి ఉండేది కానీ, ఆ పక్క కుంటలో తాళ్ళు పేనేవాళ్ళు జనుము కట్టలు నానేసేవారు. ఆ కుళ్ళంతా ఊటలోకి దిగేది. నీళ్ళు నోట్లో పోసుకుంటే తడి గోనెసంచి నమిలినట్టుండేది.

నిజాం జమానా చివరి రోజులు. నాకప్పుడు అయిదో నెల. అంతకు ముందు ఏడాది ఒక కడుపు పోయింది. నెత్తిన కుండ, చంకన బిందెతో గుట్ట దారిలో నడవాలంటే భయమేసేది. అత్తతో అదే చెప్పాను.

"నేను నిండునెలల్ల గూడ మోసిన. నాకేమైంది?" అంది.

చుక్క నాలుక మీద పడితే ఏ బావి నీళ్ళో చెప్తానని ఆమె గొప్ప. నాకు ఆ నాలుక మీదే కోపం.

మా నాయిన కోస్గి దిక్కు కంసాలి. బొగ్గుల మధ్య పెరిగిన దాన్ని కాబట్టి, బొగ్గు వాసన పీల్చేస్తుందని నాకు తెలుసు. మా అత్తింట్లో ఆముదపు కాయల పొట్టు కుప్పలుగా పడి ఉండేది. గంపలో దర్జీ భార్య దగ్గరికి చేరవేశాను. ఆమె నా ఈడుదే, ఇలాంటి పనులకు నాకంటే ముందుండేది.

మొదటిసారి పొట్టు కాల్చే కుండకు మూత సరిగ్గా పెట్టక అదంతా బూడిదైంది. దాంట్లోంచి వడకట్టిన నీళ్ళు వాళ్ళ బర్రె కూడా ముట్టలేదు. రెండోసారి మూతకు బంకమన్ను మెత్తి, పొగ పోవడానికి సన్నటి సందు వదిలి, చుట్టూ పిడకలు పేర్చి కాల్చాం. కరకరలాడే బొగ్గు వచ్చింది. ఎర్రగా ఉండగానే నీళ్ళు చల్లి, దంచి, నలుపు పోయేదాకా కడిగాం. చిల్లికుండలో గుడ్డ, ఇసుక, వాటి మీద బొగ్గు వేసి పెరటి బావి నీళ్ళు పోశాం. దిగిన నీళ్ళకు వాసన లేదు. కాచి చల్లార్చి అత్తకిచ్చాను.

ఆమె గుటకేసి కళ్ళు మూసుకుంది. "గుట్టకింది బావి రుచే వేరు పిల్లా."

ఇక రోజూ ఖాళీ బిందెలతో బయల్దేరి దర్జీ ఇంట్లో కూర్చునేదాన్ని. గుట్ట దాకా పోయొచ్చినట్టు ఆయాసపడుతూ ఇల్లు చేరేదాన్ని.

ఒక సాయంత్రం అత్త అరుగు మీద కూర్చుని ఆ పొద్దుటి నీళ్ళను పొగుడుతోంది. పక్కింటామె వింతగా చూసింది.

"గుట్టకింది బావిల దూడ పడి సచ్చింది గద అక్కా. మూడు దినాల సంది ఎవ్వలు చేదుత లేరు."

అత్త నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

"నడువ్," అంది లేచి.

దర్జీ పెరట్లో కుండలు చూపించాను. బొగ్గు పిడికెడు తీసి వాసన చూసింది. కింద కుండలోకి దిగిన నీళ్ళు దోసిట్లో పట్టి తాగింది. తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను. ఆమె బావి గట్టు మీద కూలబడింది.

"నాకు రెండు కడుపులు పోయినయ్. ఒకటి గా గుట్ట దార్లనే."

గభాలున తలెత్తాను. నోరు ఊరుకోలేదు.

"మరి 'నాకేమైంది' అంటివి గదత్తా?"

"అవద్దం చెప్పిన. నువ్వొక్కదానివే చెప్పాల్నా ఏంది?"

నిండు బిందె తనే చంకకెత్తుకుని, నాకంటే ముందు ఇంటికి నడిచింది.