రెండు నుంచి నాలుగు వరకు అమ్మను పిలవరాదు

మా చిన్నప్పుడు... మా ఇంట్లో ఒక అన్యాయం రోజూ జరిగేది. చేసింది పరాయివాళ్ళు కాదు. మా నాన్న. ఆయనకు తోడు నేను.

మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక అమ్మ గడప దగ్గర వెలుతురులో కూర్చునేది. ఒళ్ళో గళ్ళ నేత మ్యాటీ గుడ్డ, చేతిలో సూది... గళ్ళు లెక్కపెట్టుకుంటూ ఒక్కో ఇంటూ మార్కు కుట్టుకుంటూ పోయేది. "ముప్పై ఆరు... ముప్పై ఏడు..."

"ఇదిగో, కాసిని మంచినీళ్ళు!" అని మంచం మీద నుంచి నాన్న.

"అమ్మా, నా జామెట్రీ బాక్సేదీ?" అని నేను.

లెక్క పోయేది. అమ్మ సూదిని గుడ్డకే గుచ్చి లేచేది. మళ్ళీ వచ్చి కూర్చునేసరికి ఎండ గడప దాటిపోయేది.

క్రాస్ స్టిచ్ అమ్మ కాన్వెంట్ హాస్టల్లో సిస్టర్ల దగ్గర నేర్చుకుంది. పెళ్ళయ్యాక మొదలుపెట్టినవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి... కింద నీళ్ళు లేని హంస, కాడలుండి పూలు లేని బుట్ట, తలుపు పెట్టని గుడిసె. హంస నేను కడుపున పడ్డప్పుడు ఆగిందట. గుచ్చి వదిలేసిన సూదులు తుప్పుపట్టి, గుడ్డ మీద గోధుమరంగు మచ్చలు దిగాయి. ఆ మచ్చలు మేం వేసినవే.

నాన్న ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేసేవాడు. యూనియన్ మనిషి. ఇంటికొచ్చే కరపత్రాలన్నీ నేనే చదివేదాన్ని, గరిటెను మైకులా పట్టుకుని. "ఎనిమిది గంటల పని! ఎనిమిది గంటల విశ్రాంతి!"

"ఆ తర్వాత పొయ్యి ఎవరు ముట్టించాలో కూడా వేశారేమో చూడవే," అంది అమ్మ వంకాయలు తరుగుతూ.

నాన్న నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కాగితం తిప్పి చూశాను. వెనకంతా తెల్లగా ఉంది.

ఏడో తరగతి పరీక్షలైన సెలవుల్లో, కొండపల్లి రోడ్డులో కొత్తగా పెట్టిన ఒక స్కూలుకు కుట్లు నేర్పే టీచర్ కావాలన్నారు. అమ్మ వెళ్ళి అడిగింది. "సోమవారం వచ్చేటప్పుడు మీరు పూర్తి చేసిన పని ఒక్కటి తీసుకురండి," అన్నారట హెడ్‌మిస్ట్రెస్. అమ్మ ఇంటికొచ్చి డబ్బా బోర్లించింది. పూర్తయింది ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో చిలకల జంట నయం... ఒక చిలకా కొమ్మా అయిపోయాయి, రెండోదానికి రెక్కా తోకా మిగిలాయి. ఐదు రోజులు గడువు. అమ్మ ముఖంలో అంత ఆశ నేను అంతకుముందు చూడలేదు.

ఆ కరపత్రం వెనకవైపే ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాను. "రెండు నుంచి నాలుగు వరకు అమ్మను ఎవరూ పిలవరాదు. ఇట్లు, ఇంటి కమిటీ." అన్నం మెతుకులతో వంటింటి తలుపుకు అంటించాను.

సరిగ్గా ఆ వేళకే షిఫ్టు దిగి వచ్చిన నాన్న అది చదివాడు.

"ఎవరే ఈ కమిటీ?"

"నేనే."

"ఎంతమంది సభ్యులు?"

"నేనొక్కదాన్నే."

"కోరం లేదమ్మా, చెల్లదు."

"చెల్లుద్ది! అన్నం గిన్నెలో ఉంది, పెట్టుకుని తిను!"

నవ్వుకుంటూనే పెట్టుకున్నాడు. మూడు రోజులు అలాగే గడిచాయి. రెక్క పూర్తయింది. శనివారం మాత్రం నలుగురు యూనియన్ వాళ్ళను వెంటబెట్టుకొచ్చి, ఆ కాగితం ముందే నిలబడి, "ఐదు టీలు పెట్టు," అన్నాడు. అమ్మ సూది గుచ్చి లేచింది. టీలు కాస్తా పకోడీల దాకా వెళ్ళాయి.

నాకు కోపం ఆగలేదు. గడప దగ్గర కూర్చుని తోక నేనే కుట్టేశాను. అమ్మను చూసి చూసి వచ్చిన పనే. ఒక్కటే మరిచాను... నాది ఎడమచేతి వాటం. క్రాస్ స్టిచ్‌లో పైన పడే పోగులన్నీ ఒకేవైపు వాలాలి. అమ్మవి కుడికి వాలాయి, నావి ఎడమకు. దారం అదే, రంగు అదే... వెలుతురులో తోక మాత్రం వేరే పచ్చగా మెరిసింది.

"విప్పెయ్యమ్మా... రేపంతా ఉందిగా, మళ్ళీ కుట్టు," అన్నాను ఏడుస్తూ.

అమ్మ ఆ తోక మీద వేలితో మెల్లగా రాసింది. "ఎందుకే? ఇన్నేళ్ళలో నా పనిలో చెయ్యేసింది నువ్వొక్కదానివేగా."

విప్పలేదు.

సోమవారం హెడ్‌మిస్ట్రెస్ ఇట్టే పట్టేశారట. "తోక మీ చెయ్యి కాదేంటండీ?"

"మా అమ్మాయి కుట్టిందండీ."

"అయితే పూర్తి చేసింది మీరు కాదుగా మరి..."

అంతే. ఉద్యోగం రాలేదు.

నాన్నకు సంగతి తెలిసింది. మర్నాడు చూస్తే 'ఇంటి కమిటీ' కింద ఆయన సంతకం ఉంది. ఆ రోజు మంచినీళ్ళు తనే ముంచుకున్నాడు. నెల తిరక్కుండానే మళ్ళీ పాత కథే అనుకోండి... అయినా ఆ కాగితాన్ని మాత్రం ఎవర్నీ చింపనివ్వలేదు.

ఇప్పుడు నాన్న రిటైరయ్యాడు. టీ కూడా తనే పెట్టుకుంటాడు. మధ్యాహ్నాలు అమ్మను ఎవరూ పిలవడం లేదు. కానీ ఇప్పుడు ఆ గళ్ళు అమ్మ కంటికి ఆనడం లేదు... తీసుకున్న మధ్యాహ్నాలు ఇన్నాళ్ళకు తిరిగిచ్చాం సరే, ఆ చూపు ఎక్కణ్ణుంచి తెచ్చివ్వాలి?

పోయిన వారం హంసను బయటికి తీశాం. లెక్క అమ్మకు ఇంకా నోటికొచ్చు. అమ్మ చెబుతుంటే నేను కుడుతున్నాను. నీళ్ళు రెండు వరసలు వచ్చాయి. ఈసారైనా వాలు కలవాలని నేను కుడిచేత్తో తంటాలు పడుతుంటే అమ్మ ఆపింది. "నీ చేత్తోనే కుట్టు. నీళ్ళేగా... అటే పారనీ."

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. అమ్మదో, పిన్నిదో, మీదో... ఏ బొమ్మ ఎక్కడ ఆగిందో, ఎవరు పిలిస్తే ఆగిందో కింద రాయండి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వాళ్ళు మాత్రం రాసి ఊరుకోవద్దు. ఈ ఆదివారం ఆ డబ్బా పట్టుకుని మా మేడ మీదకు రండి. టీలు నాన్న పెడతాడు. ఎవరూ ఎవర్నీ పిలవరు.

సరిగ్గా రెండింటికి.